బ్రహ్మకమలం ఎడారి మొక్కేనా?

ప్రశ్న: మా ఇల్లు తిరుపతిలో కపిలతీర్థానికి దగ్గర. రెండేళ్ల క్రితం నర్సరీలో బంగారు రంగు ముళ్లున్న గుండ్రని కాక్టస్‌నూ, ఒక బ్రహ్మకమలాన్నీ కొన్నాను. రెండూ ఎడారి మొక్కలేననీ, ఎండలో పెట్టి నీళ్లు తక్కువ పోయమనీ చెప్పారు. మిద్దెమీద గుండ్రనిది బాగానే ఉంది గాని, బ్రహ్మకమలం ఆకులు పసుపుబారి మచ్చలు పడ్డాయి, ఇంతవరకు పూయలేదు. కారణమేమిటి? మా ఊళ్లో చేలగట్ల మీదుండే బొమ్మజెముడు కూడా కాక్టసేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీకు సలహా ఇచ్చినవారు ఒక మొక్క విషయంలో సరిగానే చెప్పారు, రెండోదాని విషయంలో పొరబడ్డారు. కాక్టస్ కుటుంబంలో 1,500కు పైగా జాతులున్నాయి. వాటిలో ఎడారుల్లో పెరిగేవి ఎన్ని ఉన్నా, వానలు దండిగా కురిసే అడవుల్లో చెట్ల కొమ్మల మీద బతికేవీ తక్కువేమీ కావు. మీ బ్రహ్మకమలం ఈ రెండో కోవకు చెందినది. దక్షిణ మెక్సికో, గ్వాటెమాల అడవుల్లో పెద్ద చెట్ల పంగల్లో పేరుకున్న ఆకుచెత్తలో వేళ్లూని, కొమ్మల సందుల్లోంచి జారే వెలుతురుతోనే అది పెరుగుతుంది. అటువంటిదానికి తిరుపతి మే నెల ఎండను మిద్దెమీద నేరుగా తగలనిస్తే మాడక ఏమవుతుంది? మీరు ఆకులనుకుంటున్నవి నిజానికి బల్లపరుపుగా సాగిన కాండాలు. వాటి అంచుల్లోని నొక్కులను దగ్గరగా చూడండి. మొగ్గ తొడిగేది అక్కడే. తొట్టిని తూర్పు వరండాలోకి మార్చి, మట్టిలో బాగా చివికిన ఆకుఎరువు కలిపి, పైమట్టి ఆరినప్పుడల్లా నీళ్లు పోయండి. (హిమాలయాల్లోని అసలు బ్రహ్మకమలానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, రాత్రి విరిసే తెల్లని పువ్వును చూసి మనవాళ్లు ఆ పేరు తగిలించారు.)

గుండ్రనిది మెక్సికోలోని కెరెటారో, హిడాల్గో రాష్ట్రాల రాతి కొండవాలుల మొక్క. 1990లలో అక్కడ కట్టిన సిమాపాన్ ఆనకట్ట నీళ్లలో దాని ఆవాసం కొంత మునిగిపోయింది. ప్రపంచమంతటా తొట్టెల్లో కనిపించే మొక్క సొంత నేల మీద అరుదైపోవడం విచిత్రమే. రాళ్లమధ్య నీరు నిలవని చోట పెరిగినది కనుక దానికి ఎండకన్నా తడితోనే ముప్పు ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టినప్పుడు దాన్ని చూరు కిందికి చేర్చకపోతే మొదలు కుళ్లుతుంది.

బొమ్మజెముడు కాక్టస్ కాదు. కొమ్మ విరిస్తే పాలు కారుతాయి, ముళ్లు జంటలు జంటలుగా ఉంటాయి. అది ఆముదం కుటుంబానికి చెందినది. కాక్టస్‌లో ముళ్లన్నీ నూగుతో కూడిన చిన్న దిండులాంటి చోటినుంచి గుత్తిగా పుడతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం, జాగ్రత్త. కంచెల్లో కనిపించే నాగజెముడు మాత్రం అసలైన కాక్టసే, అయితే అమెరికా నుంచి వచ్చినది. దానిమీద దూదిలా అంటుకున్న తెల్లని పురుగును గోటితో నలిపితే వేలు ఎర్రబడుతుంది. ఆ ఎర్రరంగు కోసమే 1795లో కోచినీల్ పురుగును మన దేశానికి తెప్పించారు. వచ్చినది వేరే జాతి కావడంతో మంచి రంగు దక్కలేదు. 1926లో శ్రీలంక మీదుగా వచ్చిన మరో జాతి పురుగు దక్షిణాదిన పొలాలను కమ్మేసిన నాగజెముడును అదుపు చేసింది.

ప్రశ్న: డ్రాగన్ ఫ్రూట్ కూడా జెముడు జాతేనంటారు, నిజమా? మా తోటలో వేసవికి కాడలు పసుపుపచ్చగా మారుతున్నాయి.
– ఒక రైతు, పలమనేరు

జవాబు: కాక్టసే, అందులోనూ బ్రహ్మకమలానికి దగ్గరి బంధువు. సొంత అడవిలో చెట్టు మానును పట్టుకుని నీడలో పైకి పాకే తీగ అది. మీరు పాతిన రాతి కూసానికి ఆకులు లేవు గనుక, కడు ఎండల్లో ఆ నీడను వలతో మీరే కల్పించాలి.