'వెచ్చని నీడ' తప్పా?

సందేహం: ఉత్తరపు కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి బొమ్మ వేయడం గురించి రాస్తూ 'చల్లని వెలుగు పడితే నీడ వెచ్చగా ఉంటుంది' అన్నాను. 'నీడ వెచ్చగా ఉండడమేమిటయ్యా!' అని మా మిత్రుడు నవ్వాడు. 'శీతల కాంతి, ఉష్ణ ఛాయ' అని మార్చమంటున్నాడు. మార్చాలా?

సమాధానం: మార్చొద్దు. అయితే ఆయన నవ్వు ఊరికే రాలేదు. మనకు నీడ అంటేనే చల్లదనం. పైగా చిత్రకారులు నీలం వైపు మొగ్గిన రంగుని చల్లన అంటారు, ఎరుపు, పసుపు వైపు మొగ్గినదాన్ని వెచ్చన అంటారు. తెలుగులో చల్లదనం ఎక్కువగా తెలుపుతో కలిసి తిరుగుతుంది: వెన్నెల, చలువరాయి, చలువ చేసిన పంచె. అందుకే మొదటిసారి రాసినప్పుడు రంగు పేరు కూడా చెప్పేయండి.

'ఉష్ణ' మాత్రం వద్దు. అది కొలిచే వేడి. వెలుగు రంగుని కూడా ఉష్ణోగ్రతగా, కెల్విన్లలో చెబుతారు. ఆ లెక్కన చూస్తే వ్యవహారం తలకిందులవుతుంది. పసుపుపచ్చని కొవ్వొత్తి వెలుగు దాదాపు 1,900 కెల్విన్లు. ఉత్తరాకాశపు నీలి వెలుగు 10,000 దాకా పోతుంది! 'వేడి' కూడా అతకదు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో చిత్రకారుడు హల్దంకర్ వేసిన దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉంది (చాలామంది రవివర్మది అనుకుంటారు). ఆ ముఖం మీది వెలుగుని వేడిగా ఉందంటామా? వెచ్చగా ఉందంటాం. 'వెచ్చని' అనే మాటని వెలుగుకీ రంగుకీ వాడండి, మనిషికి మాత్రం తగిలించకండి. 'ఒళ్లు వెచ్చగా ఉంది' అంటే జ్వరం మాత్ర తెచ్చిస్తారు.

అసలు పేచీ 'ఛాయ'తో. ఛాయ అంటే నీడ, ఒంటి రంగు, లేతగా తగిలే రంగు కూడా. చామనఛాయ మనిషి మీద పడిన నీడలో ఎర్రని ఛాయ గురించి రాయాల్సి వస్తే ఏ ఛాయ ఏదో పాఠకుడికి తెలియదు. నేనైతే ఛాయని ఒంటి రంగుకే ఉంచుతాను. వెలుగు పడని చోటు నీడ. లేతగా తగిలే రంగు జీర. కళ్లలో ఎర్రజీర అంటాం కదా, అదే. క్లాసులో నోటితో చెప్పేటప్పుడు వార్మ్, కూల్ అన్నా నాకు అభ్యంతరం లేదు.

మీ వాక్యాన్ని ఇలా రాసి చూడండి: 'కిటికీలోంచి నీలంగా, చల్లగా వెలుగు పడుతుంటే, చెంప కింది నీడలో వెచ్చని ఎర్రజీర కనిపిస్తుంది.'