డ్వాక్రా పొదుపుతో చెన్నై టూరా? ముందు బండి లెక్క చూడండి

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. మా డ్వాక్రా సంఘంలో పది మందిమి. ఇంటికి ఇద్దరు చొప్పున మొత్తం 20 మందిమి వచ్చే ఫిబ్రవరిలో ఒక రోజు చెన్నై చూసి రావాలనుకుంటున్నాం. సంఘం ఖాతాలో 1,10,000 రూపాయల పొదుపు ఉంది. అందులో ముప్పై వేల పైచిలుకు తీసి, వచ్చాక నెలనెలా కట్టేద్దామని కొందరు అంటున్నారు. తీయవచ్చా? మనిషికి ఎంత పెట్టుకోవాలి? రెండో విడత బ్యాంకు లోను కూడా అడగబోతున్నాం.

జవాబు: తీయొద్దు. రెండో విడత లోను అడగబోతున్నామన్నారు కాబట్టి అసలే తీయొద్దు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద రెండో విడత రుణాన్ని సంఘం మూలనిధికి (పొదుపు, దాని మీద సంఘానికి వచ్చిన వడ్డీ లాంటివి) 8 రెట్లు, లేదా కనీసం 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది అని లెక్కిస్తారు. ఖాతాలో 1,10,000 ఉంటే 8 రెట్లకు 8,80,000. టూరుకని 32,000 తీస్తే మిగిలేది 78,000, దానికి 8 రెట్లు 6,24,000. ఒక్క రోజు షికారుకి 2,56,000 రూపాయల దాకా రుణ అర్హత తగ్గే ప్రమాదం ఉంది. పైగా సంఘం పాటించాల్సిన పంచసూత్రాల్లో క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, పుస్తకాల నిర్వహణ మూడూ ఉన్నాయి. మినిట్స్ పుస్తకంలో 'చెన్నై యాత్ర' అని రాసి ఉంటే బ్యాంకు మేనేజరు ఏమంటారో మీకే తెలుసు.

టూరు డబ్బు వేరే కుండలో పెట్టండి. ఎంత అన్నది బండి మీద ఆధారపడుతుంది. అందరూ తిండి, టికెట్ల లెక్కతో మొదలుపెడతారు గానీ, గుంపు ప్రయాణంలో లెక్క తప్పేది అద్దె బండి దగ్గరే.

రైలు చార్జీ తలకింత. ఒకరు రాకపోతే వాళ్ల టికెట్ మీదే కోత పడుతుంది, మిగతావాళ్లకు సంబంధం లేదు. బండి అద్దె మాత్రం ఎంతమంది ఎక్కినా మారదు. కోవూరు నుంచి చెన్నై రానుపోను సుమారు 370 కిలోమీటర్లు, ఊళ్లో తిరిగేది ఇంకో 50 వేసుకోండి, 420. ఇరవై సీట్ల ట్రావెలర్‌కి కిలోమీటరుకు 30 రూపాయలు చెప్పారనుకుందాం. మీకు వేరే రేటు చెబితే అది వేసి చూసుకోండి. అద్దె 12,600, డ్రైవర్ బత్తా 1,000, టోల్, పార్కింగ్ 2,400, కలిపి 16,000. ఇరవై మంది ఎక్కితే తలకి 800. పెళ్లి పిలుపో, పిల్లాడికి జ్వరమో వచ్చి నలుగురు ఆగిపోతే 1,000. ఆ రెండు వందల దగ్గరే గొడవ మొదలవుతుంది.

కాబట్టి వసూలు 16 మంది లెక్కన చేయండి. బండికి 1,000, తిండికి 350, టికెట్లు, చిల్లర ఖర్చులకు 150, అత్యవసరానికి 100, మొత్తం తలకి 1,600. ఇంటికి 3,200 అంటే నెలకు 400 చొప్పున ఎనిమిది నెలలు. పది ఇళ్లకు 32,000 జమ అవుతుంది. అందరూ వస్తే అసలు ఖర్చు 28,000 లోపే ఉంటుంది కాబట్టి మిగిలిన 4,000, తలకి 200 చొప్పున, వెనక్కి పంచండి. తర్వాత ఇంకో వంద ఇవ్వమని అడగడం కంటే వెనక్కి ఇవ్వడం తేలిక.

మానుకునేవాళ్ల సంగతి మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. బండికి అడ్వాన్సు ఇచ్చేలోపు మానుకుంటే మొత్తం వాపసు. ఆ తర్వాత మానుకుంటే బండి వాటా 800 పట్టుకుని మిగతా 800 వాపసు. తన బదులు ఇంకొకరిని పంపితే ఏమీ పట్టుకోవద్దు. చుట్టాల మధ్య ఇలాంటివి నోటిమాట మీద నిలవవు, అందరి సంతకాలూ చేయించండి.

డబ్బు ఎక్కడ ఉంచాలి? ఒకరి ఫోన్‌పేకి వేస్తే వాళ్ల ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. ఎవరినీ అనుమానించి అంటున్న మాట కాదు, ఎనిమిది నెలల తర్వాత ఏది ఎవరిదో విడదీయడం కష్టం. ఇద్దరి పేరు మీద, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు తీసేలా ఉమ్మడి పొదుపు ఖాతా తెరవండి. రికరింగ్ డిపాజిట్ బాగానే ఉంటుంది గానీ కొన్ని బ్యాంకుల్లో 12 నెలలకు తక్కువ తీసుకోరు. మీకు ఉన్నది ఎనిమిదే. పొదుపు ఖాతాలో వడ్డీ రెండున్నర శాతం అనుకుంటే మొత్తం మీద మూడు వందలు వస్తుంది, అంతే. నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుదామని ఎవరో ఒకరు అనడం ఖాయం. అలా తిప్పితే 2,880 వస్తుంది, అంటే తలకి 144. అప్పు తీసుకున్నవాళ్లు జనవరిలో కట్టకపోతే బండి అడ్వాన్సు ఆగిపోతుంది. 144 రూపాయల కోసం అంత రిస్కు వద్దు.

స్త్రీ శక్తి ఉచిత బస్సు గురించి కూడా అడుగుతారు. 2025 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న ఆ పథకం రాష్ట్రం లోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకే. చెన్నై వెళ్లే అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. ఆడవాళ్లు సూళ్లూరుపేట దాకా ఉచితంగా వెళ్లి అక్కడ చెన్నై సెంట్రల్ లోకల్ రైలు ఎక్కొచ్చు, ఖర్చు చాలా తక్కువ. వయసులో ఉన్న ఆడవాళ్లే నలుగురైదుగురయితే అదే చేయమంటాను. ముసలివాళ్లు, పిల్లలు ఉన్న ఇరవై మందికి ఆ బస్సులు, రైళ్లు మారేసరికి సగం పొద్దు పోతుంది. పైగా చెన్నైలో దిగాక ప్రతిచోటికీ ఆరేడు ఆటోలు కావాలి. నెల్లూరు నుంచి నేరుగా రిజర్వేషన్ చేసుకున్నా అదే ఇబ్బంది. ఒక టికెట్ మీద ఆరుగురికి మించి రాయరు, సీటు కావాలంటే ఐదేళ్లు దాటిన పిల్లలకు పూర్తి చార్జీ, పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలోనే ఆపేశారు. అన్నీ చూస్తే మీకు ట్రావెలరే నయం.

బండి మాట్లాడేటప్పుడు మొదట పసుపు నంబరు ప్లేటు చూడండి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకు తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించవచ్చు. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో కాగితం చూపించమనండి. లేని బండి సరిహద్దు దాటాలంటే తమిళనాడుకు తాత్కాలిక పర్మిట్, పన్ను కట్టాలి. ఆరంబాకం దాటాక ఆ ఖర్చు మీ నెత్తిన పడకుండా ఎవరు కడతారో ముందే రాయించండి. కిలోమీటర్లు షెడ్డు నుంచి షెడ్డుకా, మీ ఊరి నుంచి మీ ఊరికా అన్నది ఇంకొకటి. షెడ్డు నెల్లూరు అవతల ఉంటే ముప్పై, నలభై కిలోమీటర్లు అదనంగా పడతాయి. అర్ధరాత్రి దాటితే రెండో రోజు బత్తా అడుగుతారా, బండి ఆగి ఉన్నప్పుడు ఏసీ వేస్తే అదనమా అని కూడా అడగండి. వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, తమిళనాడులో నల్లూరు టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్‌తో 24 గంటల్లో తిరిగొస్తే సాధారణంగా టోల్ రెండింతలు కాదు, ఒకటిన్నర రెట్లే పడుతుంది. బిల్లులో రెండింతలు వేస్తే ఫాస్టాగ్ మెసేజ్ చూపించమనండి.

తేదీ విషయానికొస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, తుపాను భయం. సంక్రాంతి వారంలో అద్దెలు పెరుగుతాయి, కాణుం పొంగల్ రోజు మెరీనాలో కాలు పెట్టే చోటుండదు. మీరనుకున్న ఫిబ్రవరే మంచిది. రెండో శనివారం అయితే పిల్లల బడికి సెలవు. శుక్రవారం మాత్రం వద్దు, ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం ఆ రోజు మూసి ఉంటుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే తొమ్మిదికల్లా చెన్నైలో ఉంటారు. పొద్దుటి టిఫిన్‌కి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లండి. హైవే మీద ఇరవై మందికి ఇడ్లీ, కాఫీ అంటే డబ్బుతో పాటు ముప్పావు గంట పోతుంది. మొదట ఎగ్మూరు మ్యూజియం. 1851లో మొదలైన ఈ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, చోళుల కంచు విగ్రహాలున్నాయి. రెండు గంటలు పెట్టుకోండి. పదకొండున్నరకల్లా మైలాపూరు కపాలీశ్వరాలయం చేరాలి, మధ్యాహ్నం గుడి మూసేస్తే మళ్లీ సాయంత్రం నాలుగింటికే తీస్తారు. చాలా గుంపులు ఇక్కడే దెబ్బతింటాయి, బయటి గోపురం చూసి వెళ్లిపోతాయి. అదే మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి 58వ రోజున, డిసెంబరు 15న ఆయన కన్నుమూసిన చోటు అదే. మీ జిల్లాకు ఆయన పేరే ఉంది కాబట్టి పిల్లలకు చూపించి తీరాలి. తెరిచి ఉండే వేళలు ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

భోజనం మైలాపూరులోనే. బిల్లులో జీఎస్‌టీ 5 శాతం ఉంటుంది. 'సర్వీస్ చార్జ్' అని వేరే గీత కనిపిస్తే తీసేయమని అడగొచ్చు, అది తప్పనిసరి కాదు. రెండింటికి టీ నగర్, ఐదున్నరకు మెరీనా, ఏడున్నరకు తిరుగు ప్రయాణం. రంగనాథన్ వీధిలోకి బండి వెళ్లదు. పనగల్ పార్కు దగ్గర దిగి, మళ్లీ ఎక్కే చోటూ టైమూ అక్కడే చెప్పుకోండి. మెరీనాలో అలల్లోకి ఎవర్నీ దిగనివ్వొద్దు, అడుగున లాగే ప్రవాహం ఉంటుంది.

ప్రయాణానికి ముందు పెద్దవాళ్లందరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో పాసుపుస్తకంలో చూసుకోండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. ఖాతాలో 20 రూపాయలు లేక కట్ కాకపోవడం వల్లే చాలామందికి ఇది ఆగిపోతుంది.

చీరలు, బంగారం డబ్బు ఈ 1,600లో లేదు, కలపొద్దు కూడా. ఎవరి కవరు వాళ్లే తెచ్చుకోవాలి, అయిపోతే ఉమ్మడి డబ్బులోంచి చేబదులు లేదు. బంగారం కొంటే నగ మీద హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు గుర్తులుండే హెచ్‌యూఐడీ (ఆ నగ గుర్తింపు నంబరు) ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి, నగ రకం, స్వచ్ఛత సరిపోయాకే డబ్బు ఇవ్వండి. చీర మడత విప్పి అంచూ పల్లూ కొట్లోనే చూసుకోండి, మార్చుకోవాలంటే మళ్లీ 185 కిలోమీటర్లు రావాలి.