పాత గాజు గోళీలో మెరిసే రేణువులు ఏమిటి?

పదిరెట్ల లెన్స్ కింద, ఒకవైపు నుంచి లైటు వేసి గోళీని మెల్లగా తిప్పండి. గుండ్రంగా, అంచు నల్లగా, నడుమ తేటగా ఉంటే అది గాలి బుడగే. వెండి పొరల్లా పలచగా ఉండి, తిప్పేకొద్దీ ఒక్కోటిగా తళుక్కుమంటే అభ్రకం. సన్నటి బంగారు మెరుపు పట్టీలా పరుచుకుంటే అందులో బంగారమేమీ లేదు, గాజులో పేరుకున్న రాగి స్ఫటికాలు (చాలామంది ఇక్కడే మోసపోతారు!). అదే మెరుపు ఆకుపచ్చగా ఉంటే సాధారణంగా క్రోమియం.

మెరవని తెల్లటి గింజ అయితే కరగని ముడిసరుకో, కొలిమి ఇటుక ముక్కో. దాని చుట్టూ సన్నటి పగులు ఉందేమో చూడండి. ఇలాంటి గింజలు అలంకారం కాదు, తయారీలో దొర్లిన లోపాలు. చేత్తో చేసిన జర్మన్ గోళీలకైతే గాజు కడ్డీ నుంచి కోసిన చోట గరుకు మచ్చ కూడా ఉంటుంది.