ఒక్క రైఫిలే ఉన్నవాడి కథ రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కెనడా ఉత్తరాన యూకాన్ అడవిలో ఉచ్చులు పెట్టుకుని బతికే ముసలాయన, ఆయన కుక్క, నది గడ్డకట్టే చప్పుడు. ఇవన్నీ నువ్వు అక్కడ రెండు చలికాలాలు గడిపి రాసినవని తెలుస్తూనే ఉంది. కానీ ఆరో పేజీలో ఆగిపోయాను. అక్కడ ముసలాయన .338 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్‌తో ఒక అడవికోడిని కొట్టి రాత్రికి వండుకున్నాడు.

అది మూస్ అనే భారీ దుప్పికీ, పెద్ద ఎలుగుకీ సరిపోయే తూటా. తలకో మెడకో తగిలితే తప్ప, దాని దెబ్బకు కోడిలో వండుకోవడానికి ఏమీ మిగలదు. పైగా ఆ చప్పుడు లోయంతా వినిపిస్తుంది, ఆ తూటా ఖరీదు ఆ కోడి కంటే ఎక్కువ. నలభై ఏళ్ళు అడవిలో బతికినవాడు ఆ పని చెయ్యడు.

అంకె ఒకటి మార్చేస్తే సరిపోతుందని అనుకోకు. ‘ఆయనకున్నది ఆ ఒక్క రైఫిలే’ అని నువ్వే రాశావు. నాకు నీ కథలో అన్నిటికంటే బాగా నచ్చిన వాక్యం అదే. ఒక్కటే ఉంచుకున్నాడంటే ఏదో వదులుకున్నాడని అర్థం. ఆయన వదులుకున్నదేమిటో నీకు తెలియకుండానే కథ రాసేశావు.

నన్నడిగితే ఆయన చేతిలో .308 తూటా కాల్చే రైఫిల్ పెడతాను, బోల్ట్ యాక్షన్‌లో, అంటే ప్రతిసారీ బోల్ట్‌ను చేత్తో లాగి తూటా ఎక్కించేది. 1906 నుంచీ ఉన్న .30-06 కూడా తప్పు కాదు. నిజానికి ఒక్క తూటాతో అన్ని పనులూ అంటే అమెరికాలో, కెనడాలో పాత వేటగాళ్ళు చాలామంది ముందు చెప్పే పేరు అదే. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత. జింకకు 150 గ్రెయిన్ల బుల్లెట్, మూస్‌కు 180, ఎలుగు తిరిగే చోట 220 గ్రెయిన్లు. తుపాకి అదే, తూటాలో బుల్లెట్ బరువు మారుతుంది, అంతే. .308 వచ్చింది 1952లో. .30-06 తూటాలో మందు పట్టే ఇత్తడి గొట్టం పొడవు 63 మిల్లీమీటర్లయితే దీనిది 51. మందు కొంచెం తక్కువ పడుతుంది, వేగం కొంచెం తగ్గుతుంది, భుజం మీద తన్ను కూడా తగ్గుతుంది. బాగా బరువైన బుల్లెట్ల దగ్గర .30-06దే పైచేయి. ఆ తేడాను ముసలాయన వదులుకోగలడు. భుజాన్ని వదులుకోలేడు.

భుజం సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. ముప్పై ఏళ్ళ కిందట అల్బర్టా వచ్చిన కొత్తలో, ‘ఇదొక్కటి ఉంటే ఇంకేదీ అక్కర్లేదు’ అని దుకాణంలో చెప్పిన మాట నమ్మి .300 మాగ్నమ్ కొన్నాను. మొదటి రోజు పది తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందే ఒళ్ళు బిగుసుకునేది, కళ్ళు మూతపడేవి. దూరం వల్లనో గాలి వల్లనో గురి తప్పుతోందని సర్దిచెప్పుకున్నాను. నవంబరులో ఒక మగ జింకకు గుండె దగ్గర తగలాల్సిన దెబ్బ నడుము వెనక తగిలింది. మంచు మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ రెండు రోజులు నడిచాం. దొరకలేదు. అది ఎక్కడో పడి ఎంతసేపు బాధపడిందో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ రైఫిల్ అమ్మేసి .308 తీసుకున్నాను. అందుకే ఎవరడిగినా ముందు ఒకటే అడుగుతాను: జంకకుండా వరసగా ఇరవైసార్లు ఏ తూటా కాల్చగలవు? అంతకంటే పెద్దది నీది కాదు.

రెండోది దొరకడం. నీ ముసలాయన ఏడాదికి రెండుసార్లు ఊళ్ళోకి వస్తాడు. అక్కడ ఉన్నది ఒకే దుకాణం. ఎంత గొప్ప తూటా అయినా ఆ అర మీద లేకపోతే ఆయన చేతిలో ఉన్నది ఇనప కర్రే. .308, .30-06 దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కెనడా సైన్యం 1947లో ఉత్తరాది పల్లెల మనుషులతో రేంజర్ల దళాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ళకు ఇచ్చింది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4, .303 రైఫిల్. మన ఊళ్ళలో ట్రెజరీ ముందు కానిస్టేబుల్ భుజాన కనిపించిన త్రీనాట్‌త్రీకి అది తోబుట్టువు. గస్తీకి అదే, కారిబూ అనే మంచుదేశపు జింక వేటకు అదే, తెల్ల ఎలుగు మీదికొస్తే ప్రాణం కాపాడేదీ అదే. డెబ్బై ఏళ్ళు వాడారు. విడిభాగాలు దొరక్క మార్చాల్సి వచ్చినప్పుడు కూడా సి19 అనే మరో బోల్ట్ యాక్షన్‌నే తీసుకున్నారు, .308లో. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్ల మీద తిరిగే డెన్మార్క్ వాళ్ళ సిరియస్ గస్తీ కూడా 1917 నమూనా .30-06 బోల్ట్ రైఫిల్‌ను దశాబ్దాలపాటు వదల్లేదు. ఆ త్రీనాట్‌త్రీ మాట కథలో ఎక్కడైనా రానివ్వు. నీ పాఠకుడు ఒంగోలులో కూర్చుని చదువుతున్నా ఆ బరువు చేతికి తెలుస్తుంది.

ఎందుకు బోల్టే అంటే, మైనస్ నలభైలో నూనె చిక్కబడుతుంది. తనంతట తాను తూటా ఎక్కించుకునే తుపాకి ఆ చలికి మొరాయించవచ్చు. బోల్ట్‌ను చేత్తో పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించుతాం. బిగుసుకుంటే చేతి బలంతో కదిలించవచ్చు. నీకు కథలో పనికొచ్చేవి ఇక్కడే ఉన్నాయి. ఆయన చలికాలం రాకముందే బోల్ట్‌కున్న నూనంతా తుడిచేస్తాడు. రాత్రి రైఫిల్‌ను గుడిసెలోకి తేడు, బయట చూరు కింద వదిలేస్తాడు. వెచ్చటి లోపలికి తెస్తే ఇనుము చెమరుస్తుంది, మళ్ళీ బయటికి తీసుకెళ్ళగానే ఆ చెమ్మ గడ్డకట్టి బోల్ట్ కదలదు. మంచు దూరకుండా తుపాకి గొట్టం మూతికి టేపు అంటిస్తాడు. గురి చూసేటప్పుడు రైఫిల్ మీది దుర్బిణీ అద్దం మీద ఊపిరి పడకుండా బిగబడతాడు. నువ్వు వీటిలో ఒక్కటీ రాయలేదు. రైఫిల్ పేరు మాత్రం నాలుగుసార్లు రాశావు.

ఇక అడవికోడి సంగతి. అల్బర్టాలో స్లేవ్ లేక్ దగ్గర బెల్లా ట్విన్ అనే క్రీ తెగ మహిళ ఉండేది. 1953 మే నెలలో ఆమె అడవిలో నడుస్తుంటే పెద్ద గ్రిజ్లీ ఎలుగు ఎదురొచ్చింది. చేతిలో ఉన్నది ఒక్కో తూటా పెట్టుకుని కాల్చే చిన్న .22 కూయీ రైఫిల్. దాక్కుని చూసింది. ఎలుగు బాగా దగ్గరికి వచ్చేసింది, ఇక పోనిచ్చే వీలు లేదనిపించి తలకు గురిపెట్టి కొట్టింది. పడ్డాక కూడా నమ్మకుండా మళ్ళీ మళ్ళీ తూటా పెట్టి కాల్చింది. ఆ ఎలుగు అప్పటికి ప్రపంచ రికార్డు.

ఎలుగుకు .22 చాలని దీని అర్థం కాదు. అలా రాస్తే ఎవరి ప్రాణం మీదికైనా తెస్తావు. నేను చెప్పేది, అడవిలో రోజూ కడుపు నింపేది కుందేలూ అడవికోడీ అని. ఆమె చేతిలో చిన్న రైఫిల్ ఉండటానికి కారణం ఆమె బతుకే. నీ ముసలాయన .308 ఎంచుకున్నాడంటే ఏటా ఒక మూస్ ఆయన చలికాలాన్ని గట్టెక్కిస్తుందన్నమాట. అలాంటప్పుడు కోడి కనిపిస్తే ఏం చేస్తాడు? ఉచ్చు వేస్తాడా, రాయి విసురుతాడా, చూస్తూ వదిలేసి ఎండుమాంసం నములుకుంటాడా? ఆ రాత్రి ఆకలితో పడుకుంటే నీ కథ ఇంకా బాగుంటుందని నాకనిపిస్తోంది.

మాటల విషయంలో ఒకటి. ‘తూటా గుండెలో దిగింది’ అని రాశావు. వాడుకలో చెల్లుతుంది, కానీ ఈ కథలో వద్దు. ఇత్తడి గొట్టం, అందులో మందు, మూతిన బుల్లెట్, అన్నీ కలిస్తే తూటా. దిగేది బుల్లెట్. ఖాళీ గొట్టం మంచులో పడి బుస్సుమంటుంది. ముసలాయన దాన్ని ఏరుకుని జేబులో వేసుకుంటాడు. భుజానికి ఆనే భాగాన్ని ‘స్టాక్’ అన్నచోట మడమ అను, మనకు ఉన్న మాటే. బోల్ట్, ట్రిగ్గర్ అలాగే ఉంచు.

నువ్వు తుపాకి లైసెన్స్ కోర్సులో చేరతానన్నావు కదా, ఈ వేసవిలో చేరిపో. కొనకపోయినా ఫరవాలేదు. ఒకసారి బోల్ట్ నీ చేత్తో లాగి చూడు.

ఆరో పేజీ తిరగరాసి పంపు. ఆయన డబ్బాలో ఎన్ని తూటాలు మిగిలాయో ఈసారి లెక్కపెట్టి రాయి.

ప్రేమతో,
అన్నయ్య