ఆరోగ్యశ్రీ 10 లక్షలు ఉండగా దేశమంతా ఒకే బీమా నిధి ఎందుకు?

వరంగల్‌లో ఏ పెద్ద దవాఖాన హెల్ప్‌డెస్క్ దగ్గర చూసినా 10 లక్షలు చాలలేదనే తగువు అరుదు. కార్డు చెల్లకపోవడంతోనే గొడవంతా. స్కీములు ముక్కలుగా ఉండటమే దీనికి మూలం, అందుకే అందరికీ ఒకే నిధి కావాలంటున్నా.

ఉదాహరణకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) తీసుకోండి. జీతంలో 0.75 శాతం కార్మికుడిది, 3.25 శాతం యజమానిది. నెల జీతం 21,000 దాటితే, నడుస్తున్న ఆర్నెల్ల చందా కాలం (ఏప్రిల్-సెప్టెంబర్ లేదా అక్టోబర్-మార్చి) ముగిశాక చందా ఆగుతుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు వైద్యమూ ఆగుతుంది. 22,000 జీతమంటే ఏడాదికి 2.64 లక్షలు. ఇన్నాళ్లూ ఆరోగ్యశ్రీకి ఆధారమైన రేషన్ కార్డుకేమో ఆదాయ పరిమితి పట్నంలో 2 లక్షలు, పల్లెలో లక్షన్నర. అంటే వెయ్యి రూపాయలు పెరిగినందుకు ఈఎస్ఐ పోతుంది, ఆరోగ్యశ్రీ ఎలాగూ రాదు. ప్రైవేటు పాలసీకి పోతే, ముందే ఉన్న షుగర్, బీపీలకు మూడేళ్ల దాకా వెయిటింగ్ (ఆ కాలంలో వాటికి బీమా వర్తించదు) పెట్టే వీలు కంపెనీకి ఉంది. ఇక మహారాష్ట్రలోని భివండి మగ్గాల మీద పనిచేసే మనోళ్ల సంగతి: ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ అక్కడిదాకా లేదు. కేంద్రం స్కీము ఆయుష్మాన్ భారత్ అందులో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది కానీ, ఆరోగ్యశ్రీ ఉన్న ప్రతి ఇల్లూ అందులో లేదు.

లెక్క కూడా చూడండి. ఒకే నిధిలో ఉన్న వెయ్యి మందిలో 10 మందికి ఆపరేషన్, ఒక్కొక్కరికి 2 లక్షలనుకుందాం. మొత్తం 20 లక్షలు, తలా 2,000. ఆరోగ్యంగా ఉన్న 600 మంది వేరే స్కీములకు పోతే ఆ 20 లక్షలూ మిగిలిన 400 మందే మోయాలి, తలా 5,000. అప్పుడు వాళ్లలోనూ కాస్త గట్టిగా ఉన్నవాళ్లు జారుకుంటారు, చందా ఇంకా పెరుగుతుంది.

దక్షిణ కొరియాలోనూ ఇట్లా విడివిడి నిధుల చిక్కే వచ్చింది. 1977లో 500 మందికి పైగా కార్మికులున్న సంస్థలతో మొదలుపెట్టి 1989కల్లా అందరినీ చేర్చారు. కానీ వందల బీమా సంఘాలు విడివిడిగా ఉండేవి. కంపెనీల సంఘాల్లో మిగులు, ముసలివాళ్లు ఎక్కువున్న పల్లె సంఘాల్లో లోటు. 2000లో అన్నిటినీ ఒకటి చేశారు. తైవాన్ 1995లోనే ఆ పని చేసింది.

అట్లాగని కలిపేస్తే చాలు అనుకోవద్దు. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేయడం మన దగ్గర చూశాం. ఒకే నిధి ఉండి అదీ పైసలు ఆపితే రోగికి వెళ్లడానికి మరో కౌంటర్ ఉండదు. అందుకే ఆ సొమ్ము ఖజానాలో కలవకుండా విడి ఖాతాలో ఉండాలి, ఆసుపత్రికి క్లెయిము సొమ్ము చెల్లించే గడువు చట్టంలో రాయాలి, చందా ఆదాయంలో శాతంగా ఉండాలి. నా మటుకు వీటికన్నా ముఖ్యం ఓపీ మందులు. ఇప్పటి స్కీములు ఎక్కువగా అడ్మిషన్ చుట్టే తిరుగుతున్నాయి. నెలనెలా బీపీ గోళీలకు రూపాయి ఇవ్వని బీమా, పక్షవాతం వచ్చాక మాత్రం లక్షలు కడుతుంది.

ఈలోపు కంపెనీ గ్రూప్ పాలసీ ఉన్నవాళ్లు ఉద్యోగం వదిలే ముందే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మైగ్రేషన్ అడగండి. వెయిటింగ్‌లో గడిచిన కాలం కలిసొస్తుంది. ఈఎస్ఐ నుంచి బయటికొచ్చేవాళ్లకు ఆ దారి లేదు.