16ఎస్ జన్యువు ఒకటే అయినా రెండు బాక్టీరియా రకాల్లో ఒకటి కందికి బుడిపెలు కట్టించదెందుకు?

కల్వకుర్తి దగ్గరి చల్క నేలలో కంది వేరు బుడిపెల నుంచి మీరు వేరుచేసిన రెండు బ్రాడీరైజోబియం (పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండి నత్రజనిని అందించే బాక్టీరియా) రకాలకు 16ఎస్ (బాక్టీరియాను గుర్తించడానికి చదివే రైబోజోము జన్యువు) క్రమం ఒక్కటేననీ, కుండీలో మాత్రం ఒకటే బుడిపెలు కట్టించిందనీ, ఏ ఫలితాన్ని నమ్మాలనీ అడిగారు. రెండూ నిజమే కావచ్చు. నాగర్‌కర్నూలు, దేవరకొండ వైపు కంది, వేరుశనగ బుడిపెల మీద కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. 16ఎస్‌ను బట్టి బాక్టీరియా వంశం తెలుస్తుందే తప్ప, అది మొక్కతో పొత్తు కడుతుందో లేదో తెలియదు. పైగా బ్రాడీరైజోబియంలో ఈ జన్యువు ఎంత తక్కువగా మారిందంటే, వేర్వేరు జాతులు కూడా ఒకేలా కనిపిస్తాయి.

బుడిపెలు కట్టించే నాడ్ జన్యువులు, నత్రజనిని స్థిరీకరించే నిఫ్ జన్యువులు చాలావరకు ఒకచోట గుంపుగా ఉండి, ఆ గుంపు మొత్తంగా ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి వెళ్లగలదు. 2001లో వెలువడిన సైనోరైజోబియం మెలిలోటి (లూసర్న్ బుడిపెల బాక్టీరియా) జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డీఎన్‌ఏలో, అవి దాదాపు 13.5 లక్షల బేస్ జతల (డీఎన్‌ఏ అక్షరాల జతల) ప్లాస్మిడ్ మీద, అంటే క్రోమోజోముకు బయట విడిగా ఉండే డీఎన్‌ఏ మీద కనిపించాయి. 2002లో జీనోమ్ వెలువడిన యూఎస్‌డీఏ110 అనే, సోయాచిక్కుడుకు బుడిపెలు కట్టించే బ్రాడీరైజోబియం రకంలో ప్లాస్మిడ్ లేదు. సుమారు 91 లక్షల బేస్ జతల క్రోమోజోములోనే 6.8 లక్షల జతల భాగంగా ఇవి ఉన్నాయి. మొత్తం జీనోమ్‌లో జీసీ (డీఎన్‌ఏలో జి, సి అక్షరాల వాటా) 64 శాతం ఉండగా ఈ భాగంలో 59 శాతమే ఉండడం, అది బయటినుంచి వచ్చిందనడానికి బలమైన ఆనవాలు. న్యూజిలాండ్‌లో ఒక పొలంలో లోటస్ (పప్పుజాతి పశుగ్రాస మొక్క) విత్తనానికి ఒకే మెసోరైజోబియం (మరో బుడిపెల బాక్టీరియా) రకాన్ని పట్టించగా, ఏడేళ్ల తర్వాత బుడిపెలలో దొరికిన బాక్టీరియాలు వంశంలో వేర్వేరుగా ఉన్నా పొత్తు జన్యువులు మాత్రం మొదటి రకానివేనని తేలింది. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సాక్ష్యం ఇదే.

కాబట్టి రెండు జీనోములనూ చదివించి, క్రోమోజోములోని స్థిరమైన జన్యువులతో ఒక వంశవృక్షం, నాడ్, నిఫ్ జన్యువులతో మరొకటి విడిగా గీయండి. జాతి ఒకటేనా అన్నది ఏఎన్‌ఐతో (రెండు జీనోముల అక్షరాలు సగటున ఎంత శాతం కలుస్తాయో చెప్పే కొలతతో) చూడండి. 95 శాతానికి తగ్గితే సాధారణంగా వేరే జాతిగా పరిగణిస్తారు. పొత్తు భాగం నిండా ట్రాన్స్‌పోజాన్లు (చోటు మారుతూ పదేపదే కనిపించే డీఎన్‌ఏ ముక్కలు) ఉండటంతో చిన్న ముక్కలుగా చదివితే అక్కడే కూర్పు తెగిపోతుంది. అందుకే పొడవు ముక్కలతో చదివించనిదే 'నాడ్ లేదు' అని రాయకండి. నిఫ్‌వి అనే జన్యువు కనిపించకపోతే మాత్రం కంగారు పడనక్కరలేదు; చాలా రైజోబియాలలో అది ఉండదు, దానితో తయారుకావలసిన, నత్రజని స్థిరీకరణకు అవసరమైన హోమోసిట్రేట్‌ను మొక్కే సమకూరుస్తుంది.

జీనోమ్‌కు డబ్బు ఖర్చు పెట్టేముందు రెండో రకం ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోండి. పొత్తు లేని బ్రాడీరైజోబియాలు నేలలో మామూలుగానే ఉంటాయి, బుడిపె పైపొర సరిగ్గా శుభ్రం కాకపోతే అవే ప్లేటు మీదికి వస్తాయి. ఎండిన చల్కలో కందిని పీకితే బుడిపెలు మట్టిలోనే తెగి ఉండిపోతాయి కనుక, నేలను తడిపి వేరు చుట్టూ తవ్వి తీయండి. బ్లేడుతో కోసినప్పుడు లోపల గులాబీరంగు ఉన్నవాటినే (పనిచేస్తున్న బుడిపెలకు గుర్తు అదే) తీసుకోండి. కాంగో రెడ్ అనే రంగు కలిపిన ఈస్టు మానిటాల్ అగర్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద రెండు రోజులకే విస్తరించేదాన్ని పక్కన పెట్టి, వారం దాకా ఆగి, రంగు పీల్చుకోని చిన్న తెల్లని కాలనీలను ఏరి, ఒక్కొక్కదాన్నీ మళ్లీ గీసి వేరుచేయండి. ఆ తర్వాత శుద్ధిచేసిన ఇసుకలో కందికి పట్టించి, పక్కనే బాక్టీరియా పట్టించని కుండీలు పెట్టి, వచ్చిన బుడిపెలోంచి తీసిన బాక్టీరియాను మొదటి రకంతో పోల్చి చూడండి.