పరీక్షలు ముగిశాక మిగిలిన బడి రోజులు

ప్రశ్న: నేను కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి సిలబస్ పూర్తవుతుంది. సహోపాధ్యాయుల్లో కొందరు పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిపోతే, మిగిలినవాళ్లం రెండేసి తరగతులను ఒకేచోట కూర్చోబెడతాం. పునశ్చరణ చేయిస్తే పిల్లలు ఆవులిస్తున్నారు. వార్షిక పరీక్షలు కూడా అయ్యాక "మార్కులు లేవు కదా టీచర్, ఇంకెందుకు?" అని అడుగుతున్నారు. ఈ చివరి వారాల్లో వాళ్ల మనసు తరగతిలో నిలిపేదెలా?

జవాబు: అమ్మా, పిల్లలు అడిగింది న్యాయమైన ప్రశ్న. జూన్ నుంచి ప్రతి పాఠాన్నీ "ఇది పరీక్షకు వస్తుంది" అని చెప్పి చదివించినది మనమే కనుక, పరీక్ష అయిన మర్నాడు చదువుకు కారణం ఏమిటని వాళ్లు అడిగితే జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా మనదే. నా ఉద్యోగం తొలి ఏళ్లలో, గోదావరి గట్టు పక్కనున్న ఒక బడిలో, "పాఠాలన్నీ అయిపోయాయి, ఇక బాగా చదువుకోండి" అని నేను ఏప్రిల్ మొదటి వారంలోనే తరగతిలో ప్రకటించాను. మర్నాడు సగం మంది రాలేదు. వచ్చినవాళ్లను నిశ్శబ్దంగా కూర్చోమని చెప్పి నేను మార్కుల రిజిస్టర్లు నింపుకున్నాను. ఆ పిల్లలకు నేను చేసిన అన్యాయం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అయిపోయిందని గురువే చెప్పిన చోటికి పిల్లవాడు మళ్లీ ఎందుకు వస్తాడు?

అందుచేత నేను చెప్పగలిగినది ఒక్కటే. ఏ రోజూ ఆ రోజుతో ముగిసిపోకూడదు, రేపు వచ్చి చూస్తే తప్ప తేలని పని ఒకటి తరగతిలో మిగిలి ఉండాలి. అటువంటి పనిని వెతకడానికి మీరు దూరం పోనక్కరలేదు, ఎందుకంటే ఏప్రిల్ అంటే మన డెల్టాలో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల కాలం.

మీ గణితానికే ఒక ఉదాహరణ చెబుతాను. కోత అయిన రోజునే ఒక విద్యార్థి ఇంటి నుంచి కిలో పచ్చి ధాన్యం తెప్పించండి. దుకాణంలో వాడే చిన్న కాటా ఒకటి సంపాదించి, పిల్లల చేతనే తూయించి, బరకం ముక్క మీద పరిపించి, ప్రతి ఉదయం బడి మొదలవగానే మళ్లీ తూయించి గోడ మీది పట్టికలో రాయించండి. రేపటి బరువు ఎంత ఉంటుందో ప్రతి ఒక్కరూ ముందు రోజే అంచనా రాసి పెట్టాలి. తన అంచనా నిజమైందో లేదో చూసుకోవడానికి పిల్లవాడు తప్పకుండా వస్తాడు. రాత్రి గాలిలోని చెమ్మకు బరువు కాస్త పెరిగిన రోజున తరగతిలో పుట్టే వాదనను మాత్రం మీరు తొందరపడి తీర్చవద్దు.

ఆ తరువాత అసలు లెక్కకు రండి. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ 17 శాతానికి మించకూడదన్న సంగతి రైతుల పిల్లలు ఇంట్లో విని ఉంటారు. 22 శాతం తేమ ఉన్న కిలో ధాన్యం 17 శాతానికి ఆరితే ఎంత తూగుతుందని అడగండి. తరగతిలో చాలామంది 5 శాతం తీసివేసి 950 గ్రాములు అంటారు. అది తప్పు. తేమ పోగా ఉన్న గింజ 780 గ్రాములు, అది మారదు. ఆరిన ధాన్యంలో ఆ 780 గ్రాములు 83 శాతానికి సమానం కనుక మొత్తం బరువు దాదాపు 940 గ్రాములు అవుతుంది. ఇదే లెక్కను 75 కిలోల బస్తాకు వేస్తే, బస్తాకు దాదాపు నాలుగున్నర కిలోల తరుగు వస్తుంది. తండ్రి పండించిన బస్తాల సంఖ్యతో దానిని గుణించిన పిల్లవాడు శాతాల పాఠం ఎందుకని ఇక అడగడు. అనుమతి దొరికితే కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రాన్ని ఒకసారి చూపించండి. కౌలు రైతుల, కూలీల పిల్లలు కూడా తరగతిలో ఉంటారు కాబట్టి ఎవరింట ఎన్ని బస్తాలు పండాయన్నది బయటికి అడగకుండా, ఆ లెక్కను ఎవరి పుస్తకంలో వారినే వేసుకోనివ్వండి.

తరగతులు కలిపి కూర్చోబెట్టడాన్ని కష్టంగానే చూడనక్కరలేదు. ఎనిమిదో తరగతివాళ్లు లెక్క వేస్తారు, ఆరో తరగతివాళ్లు తూచి నమోదు చేస్తారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు వివరించవలసి వచ్చినప్పుడే తమకు ఏది సరిగా తెలియదో గ్రహిస్తారు.

సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులు అందుబాటులో ఉంటే, కాలువలకు నీరు ఆపేసే ఈ కాలంలోనే నీటి దారిని గీయించమని వారితో చెప్పండి. ధవళేశ్వరం దగ్గర 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ఆధ్వర్యంలో కట్టిన ఆనకట్ట మొదలుకొని, ప్రధాన కాలువ, పిల్ల కాలువ, పంటబోదె మీదుగా బడి పక్క చేను దాకా నీరు ఎలా వస్తుందో తరగతి మొత్తం ఒకే పెద్ద కాగితం మీద గీయాలి. లంకల గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువ నీరు అక్విడెక్ట్‌పై, అంటే వంతెనలా కట్టిన కాలువలో, దాటిపోతుంది. నది పైన మరొక నీరు ఎలా ప్రవహిస్తుందన్న ప్రశ్న ఒక్కటే రెండు రోజులు నడుస్తుంది. పూర్వం ఈ కాలువల్లో పడవలు నడిచేవి కనుక, కాలువ నీటి మట్టం మారే చోట తలుపులతో కట్టిన లాకుల దగ్గర పడవను ఎలా ఎత్తేవారో, ఎలా దించేవారో తాతయ్యలను అడిగి రాసుకు రమ్మనండి. ఎండిన కాలువలోకి మాత్రం పిల్లలను దింపవద్దు, బురద గుంటల లోతు పైకి తెలియదు.

ఎండ విషయంలో జాగ్రత్త అవసరం. ఆరుబయట పని తొలి గంటలోనే ముగించి, ఆలోచించవలసినదంతా పది గంటలలోపు పెట్టుకోండి. పిల్లలను నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ కొట్టడం మరచిపోవద్దు. చివరి పీరియడ్‌లో పాఠం చెప్పి నెగ్గినవారిని నేను చూడలేదు. అప్పుడు గ్రంథాలయ పుస్తకాన్ని రోజుకు కొన్ని పేజీలు పైకి చదివి, కథ రక్తి కట్టిన చోటే ఆపండి.

ఆఖరి రెండు రోజులకు ఒక రాతపని ఉంచండి. ప్రతి విద్యార్థీ జూన్‌లో తన తరగతిలోకి రాబోయే వారికి ఒక ఉత్తరం రాయాలి: ఏ పాఠం తనకు కొరుకుడుపడలేదు, ఎక్కడ తప్పాడు, చివరికి ఎలా అర్థం చేసుకున్నాడు. వాటిని మీరు బీరువాలో భద్రపరచి, బడి తెరిచిన రోజున పంచాలి. ఆ మాట తప్పితే వచ్చే ఏప్రిల్‌లో మీకు ఒక్క ఉత్తరమూ మనసు పెట్టి రాసి ఇవ్వరు. మీరు కూడా ఒక ప్రతి చదివి చూడండి. మన బోధనలో ఎక్కడ లోపముందో తనిఖీ అధికారి కన్నా ఆ ఉత్తరాలే స్పష్టంగా చెబుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి అయిదో తరగతి. పరీక్షలు అయ్యాయి కనుక అమ్మమ్మగారి ఊరికి ఇప్పుడే పంపమని ఏడుస్తున్నాడు. పంపవచ్చునా? (పాలకొల్లు నుంచి ఒక తల్లి)

జవాబు: పంపవద్దమ్మా. నలుగురు మానేస్తే ఉపాధ్యాయుడు కొత్త పని మొదలుపెట్టలేడు, పని లేదని మరో పదిమంది మానేస్తారు. బడిలో నిజంగానే ఏమీ జరగడం లేదని మీకు తెలిస్తే, మీరే వెళ్లి మర్యాదగా అడగండి, మీకు చేతనైన ఒక పనిని ఒక గంట పిల్లలకు చూపిస్తానని చెప్పండి. లేసు అల్లిక వచ్చినా చాలు, అందులో లెక్కలూ ఆకృతులూ ఎన్నో ఉన్నాయి. అమ్మమ్మగారికి ఒక కార్డు ముక్క రాయమని మీ అబ్బాయికి చెప్పండి, ఏ రోజున ఏ బస్సుకు వస్తాడో అందులో వాడే రాయాలి.